బొబ్బిలి నుంచి రాజాంకి ఒక గుంటడు ఎంతసేపట్లో వెళ్తాడు?

మీరు అడిగినవి మూడు. విజయనగరం దగ్గర ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతూ, ఆరు ఏడు తరగతుల పిల్లలకి మన ప్రాంతపు చరిత్రని కథల్లా చెబుతున్నారు. వాళ్ళు నోరు తెరుచుకుని వింటున్నారు. వాటిని సాహస నవలలుగా రాసి రచయితగా స్థిరపడాలని ఉంది, ఉద్యోగం మానేయవచ్చా అన్నది మొదటిది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది రెండోది. బొబ్బిలి యుద్ధం మీద సినిమాలు, బుర్రకథలు, నాటకాలు అన్నీ వచ్చేశాయి, ఇంకేం మిగిలింది అన్నది మూడోది.

నాది శ్రీకాకుళం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. పది నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లల కోసం తొమ్మిది నవలలు రాశాను, అందులో ఆరు చారిత్రకాలు. వాటిలో రెండింటిని మళ్ళీ అచ్చువేస్తామని ఎవరైనా వచ్చినా నేనే ఒప్పుకోను, అంత అధ్వాన్నంగా ఉంటాయి. కాబట్టి ఈ జవాబులో సగం నా తప్పులే కనిపిస్తాయి.

ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం. మానకండి. 1994లో మొదటి నవల సొంత డబ్బుతో వెయ్యి కాపీలు వేయించాను. రెండేళ్ళలో అమ్ముడైనవి నాలుగు వందలు దాటలేదు. కొన్ని పెళ్ళిళ్ళలో, తోటి మాస్టర్ల బదిలీ సన్మానాల్లో పంచాను. మిగతావి మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటే ఒక వానాకాలం చెదలు చదివేశాయి. తర్వాత్తర్వాత ప్రచురణకర్తలు దొరికారు, రాయల్టీ అన్న మాట వినిపించింది. అయినా మొత్తం తొమ్మిది పుస్తకాల మీద వచ్చిన డబ్బు మా ఇంటికి మేడ మెట్లు కట్టించడానికి సరిపోయింది. మేడకి కాదు, మెట్లకి. తెలుగులో పిల్లల పుస్తకాలు రాసి ఇల్లు గడుపుకున్నవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు దాదాపు అందరూ ఏదో ఒక పత్రికలో జీతానికి పనిచేసినవాళ్ళే.

దాసరి సుబ్రహ్మణ్యం గారి సంగతే చూడండి. తెలుగులో పిల్లల సాహస కథ అంటే ఆయన పేరే ముందు చెప్పాలి. 1947 జులైలో మొదలైన చందమామలో ఆయన 1952లో చేరారు. 1954లో మొదటి జానపద సీరియల్ మొదలుపెట్టారు. తర్వాత ఏళ్ళ తరబడి నెలనెలా మాంత్రికులు, రాక్షసులు, లోయలు, శిథిలాలయాలు. చిత్రా గారి బొమ్మలు పక్కన. నా ఈడు వాళ్ళం ఆ ఒక్క సీరియల్ కోసం పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేవాళ్ళం. కానీ ఆ సీరియళ్ళకి రచయిత పేరు ఉండేది కాదు. మేం బొమ్మల కింద 'చిత్రా' సంతకం గుర్తుపట్టేవాళ్ళం గానీ కథ రాసిన మనిషి ఎవరో తెలియకుండానే పెద్దవాళ్ళమైపోయాం. చివరికి ఎప్పుడో పాఠకులే పూనుకుని ఆ సీరియళ్ళని పుస్తకాలుగా తెచ్చారు. రచయితగా స్థిరపడటం అని మీరు రాసిన మాట చదవగానే నాకు ఆయన గుర్తొచ్చారు. అర్ధ శతాబ్దం పైగా ఒకే కుర్చీలో కూర్చుని, జీతం తీసుకుంటూ, పేరు లేకుండా రాసిన మనిషి. మరి అది స్థిరపడటమా కాదా, మీరే ఆలోచించుకోండి. (అన్నట్టు, అదే చందమామకి ఏళ్ళ తరబడి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు పుట్టింది మా శ్రీకాకుళంలోనే. ఈ సంగతి మా ఊళ్ళో చాలామందికి తెలియదు.)

పైగా మీ ఉద్యోగమే మీకు పెట్టుబడి. రోజూ నలభై మంది పాఠకులు ఎదురుగా కూర్చుంటారు. కథ ఎక్కడ చప్పబడిందో బెంచీల మీద కాళ్ళు ఊగడం చూస్తే తెలిసిపోతుంది. ఇంతటి వసతి ఏ రచయితకి దొరుకుతుంది?

రెండోదానికి వద్దాం. ఎక్కడ మొదలుపెట్టాలి? మీ కథలో పిల్లాడి కాళ్ళ దగ్గర.

ఇది నాకు రాజాంలో ఒక ఏడో తరగతి పిల్ల నేర్పింది. నా మొదటి నవల బొబ్బిలి యుద్ధం మీదే. కోటని ఫ్రెంచి సైన్యం చుట్టుముడుతోందని రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి వేళకి కబురు అందలేదని జనం చెప్పుకునే కథ మీకు తెలుసు. దాన్ని పట్టుకుని, ఆ కబురు మోసుకెళ్ళిన పన్నెండేళ్ళ కుర్రాణ్ణి కల్పించాను. వాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళ బొబ్బిలి కోటలోంచి జారుకుని, 'ఒక్క పరుగున' రాజాం చేరి, అక్కడ అన్నం తిని, మళ్ళీ తెల్లారేలోగా వెనక్కి వచ్చేస్తాడు. నాకేం తప్పు కనిపించలేదు. రాజాం స్కూల్లో ఆ అధ్యాయం చదివి వినిపించాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "సారూ, ఆ గుంటడు బస్సెక్కాడేటి?" అంది. మన వైపు కుర్రాణ్ణి గుంటడనే కదా అంటాం.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొబ్బిలి నుంచి రాజాం పాతిక కిలోమీటర్ల పైమాటే. నేనెప్పుడూ బస్సులో తప్ప ఆ దారిన వెళ్ళలేదు. ఆ సంక్రాంతి సెలవుల్లో ఒక తోటి మాస్టారిని వెంటబెట్టుకుని నడిచాను. సాయంత్రం నాలుగున్నరకి బొబ్బిలిలో బయల్దేరితే రాజాం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. రెండు ఊళ్ళ దగ్గర కుక్కలు తరిమాయి. నా చెప్పు తెగింది, తుండుగుడ్డ చింపి కట్టుకున్నాను. చలికి చెవులు గడ్డకట్టాయి. ఎనిమిది దాటాక ఆకలి, పది దాటాక ఆకలి లేదు, కాళ్ళ మంట మాత్రమే. చెరువు గట్టు ఎక్కినప్పుడల్లా ఒక రకం గాలి, దిగగానే ఇంకో రకం గాలి. ఇవేవీ నా నవలలో లేవు. మా కుర్రాడు పాపారాయుడి ముందుకు వెళ్ళి చేతులు జోడించి పద్యంలాంటి డైలాగు చెబుతాడు. పాతిక కిలోమీటర్లు నడిచొచ్చినవాడు డైలాగు చెప్పడు. కూలబడి నీళ్ళు అడుగుతాడు.

మళ్ళీ రాశాను. ఒక్క వాక్యంలో దాటేసిన ప్రయాణం మూడు అధ్యాయాలైంది. నా పుస్తకాలన్నిట్లోకీ పిల్లలు ఇప్పటికీ అడిగి చదివించుకునేవి ఆ మూడు అధ్యాయాలే.

ఇంకో తప్పు అప్పటికీ మిగిలిపోయింది. తిరగరాసిన దాంట్లో కుర్రాడు వెన్నెల్లో నడుస్తాడు. కోటగోడల మీద వెన్నెల, చెరువులో వెన్నెల, శత్రువుల కత్తుల మీద వెన్నెల. వెన్నెల లేకపోతే సాహసం ఉండదనుకునేవాణ్ణి కాబోలు. పంచాంగ గణితం సరదాగా చేసే ఒక రిటైర్డు లెక్కల మాస్టారు అది చదివి, కాగితం మీద లెక్కవేసి చూపించారు. 1757 జనవరి 24, యుద్ధం జరిగిన రోజు, సోమవారం. అమావాస్య వెళ్ళి నాలుగైదు రోజులే. మాఘ శుద్ధం మొదట్లో ఉన్నాం. అంతకు ముందు రాత్రి ఉన్నది సన్నటి నెలవంక, అది ఎనిమిది తొమ్మిది గంటల మధ్య పడమట దిగిపోతుంది. ఆ తర్వాత చుక్కల వెలుగే. "మీ వాడు వెన్నెల్లో ఎలా నడిచాడండీ?" అన్నారాయన.

అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. కథ కదా, ఎవరు లెక్కలేస్తారు అన్నాను. తర్వాత అదే నాకు వరమైంది. వెన్నెల ఉంటే కుర్రాణ్ణి దూరం నుంచే కాపలావాళ్ళు చూస్తారు, తరుముతారు, అంతే. చీకట్లో అయితే వాడికి దారి కనిపించదు. గట్ల లెక్క పెట్టుకోవాలి. కాలి కింద ఇసక తగిలితే వాగు, మెత్తగా తగిలితే దుక్కి. గుర్రాలు వస్తే ముందు చెవికి తెలియాలి. ఇప్పుడు ఈ లెక్కలకి ఏ మాస్టారూ అక్కర్లేదు. కంప్యూటర్లో స్టెల్లేరియం అని ఉచితంగా దొరుకుతుంది. తేదీ, ఊరు పెడితే ఆ రాత్రి ఆకాశం చూపిస్తుంది. మీరు రాసే ప్రతి రాత్రికీ అది చూసుకోండి.

కాళ్ళు, ఆకాశం అయ్యాక కడుపు. పలాస పక్క ఉద్దానంలో ఏ మూల చూసినా జీడితోటలు. నేను కళింగపట్నం దగ్గరి శాలిహుండం బౌద్ధుల కాలం మీద రాసిన నవలలో అక్కాతమ్ముళ్ళు దొంగలకి దొరక్కుండా జీడితోటలో దాక్కుంటారు. జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చారు. అంటే మా అక్కాతమ్ముళ్ళు దాక్కున్న తోట ఇంకో పధ్నాలుగు వందల ఏళ్ళకి గానీ మొలవదు. మిరపకాయా అంతే, పోర్చుగీసువాళ్ళతోనే వచ్చింది. కాబట్టి శాలిహుండంలో పిల్లాడికి పచ్చిమిరపకాయ నంజుకుని అంబలి తాగే భాగ్యం లేదు. మిరియం, చింతపండు ఇవ్వండి. సముద్రపు ఒడ్డున ఇప్పుడు మనం చూసే సరుగుడు తోటలు కూడా బ్రిటిష్ కాలంలో వేసినవి. కళింగపట్నం తీరాన మీ దొంగలు దాక్కోవాలంటే మొగలిపొదలు ఉన్నాయి. మొగలిపొద ఇంకా నయం, లోపలికి దూరినవాడి ఒళ్ళు చీరుకుపోతుంది. కథకి పనికొస్తుంది.

పేర్లు కూడా చూసుకోండి. 1757కి ముందు పుట్టిన విజయనగరం కుర్రాడికి పైడిరాజు అని పేరు పెట్టాను ఒకచోట. మన దగ్గర ఇంటికో పైడిరాజు ఉంటాడు కదా. కానీ పైడితల్లి అమ్మవారు ఆ యుద్ధం తర్వాతే వెలిశారని కదా మనం చెప్పుకునేది! అప్పన్న అనండి, సూరన్న అనండి, కూర్మయ్య అనండి. సింహాచలం, అరసవల్లి, శ్రీకూర్మం అప్పటికి వందల ఏళ్ళ నుంచీ ఉన్నాయి. గంట, నిమిషం బదులు జాము, గడియ. జాము అంటే మూడు గంటలు, గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు అని కథలోనే తెలిసేలా రాయొచ్చు. అడుగున చిన్న అక్షరాల్లో వివరణలు పెట్టకండి, పిల్లలు చదవరు. నేనూ చదవను.

ఇప్పుడు మూడోది. బొబ్బిలిలో ఏం మిగిలింది అన్నారు.

ముందు ఒక మాట. ఇప్పుడు బొబ్బిలిలో కనిపించే కోట ఆనాటి కోట కాదు, తర్వాత కట్టినది. యుద్ధం జరిగిన చోట స్మారక స్తంభం ఉంది, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళండి. రాబర్ట్ ఆర్మ్ అనే ఆయన ఆ కాలంలోనే ఇంగ్లీషులో రాసిన యుద్ధాల చరిత్రలో బొబ్బిలి గురించి కొన్ని పేజీలున్నాయి. ఉచితంగానే దొరుకుతాయి, కష్టపడి చదవండి. మన బుర్రకథలో వీరత్వం మోగిపోతుంది. ఆర్మ్ రాసినది చప్పగా, పొడిగా ఉంటుంది, అందుకే ఇంకా భయపెడుతుంది. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్న సంగతి అందులో ఉంది. అదే చోట ఇంకొక సంగతి. అంతా అయిపోయాక ఒక ముసలాయన ఒక పసివాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచివాళ్ళకి అప్పగిస్తాడు. వాడు బొబ్బిలి రాజు రంగారావు కొడుకు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఆ ముసలాయన దాచి కాపాడిన పిల్లాడు.

ఇంతమంది పాపారాయుడి కత్తి గురించి పాడారు. ఆ ముసలాయన ఆ పసివాణ్ణి ఎక్కడ దాచాడు, ఏడవకుండా నోటికి ఏం అడ్డు పెట్టాడు, ఎంతసేపు? మీరడిగిన 'మిగిలింది' అదే. పదకొండేళ్ళ పిల్లని ఆ ముసలాయనకి మనవరాలిగా పెట్టి రాస్తే మీ క్లాసు ఊపిరి బిగపట్టి వింటుంది. చావుల్ని ఎలా చెప్పాలి అంటారా? దాచకండి, అలాగని చూపించకండి. తలుపు అవతల ఉంచండి. ఆ పిల్లకి వినిపించినంతే పాఠకుడికి వినిపించాలి. ఇది నేను నాలుగో పుస్తకానికి గానీ నేర్చుకోలేదు. మొదటి పుస్తకంలో రక్తం ఏరులై పారింది. ఒక తల్లి నాకు ఉత్తరం రాసి మరీ తిట్టింది, న్యాయమే.

ఇంకో ఇబ్బంది ఉంది, అది మీకు నాకంటే ఎక్కువ. మీ స్కూలు విజయనగరం పక్కన. బొబ్బిలి వైపు నిలబడి రాస్తే, ఫ్రెంచివాళ్ళతో కలిసి వచ్చిన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు విలన్. నేను అలాగే రాసి విజయనగరంలో ఒక స్కూలుకి వెళ్ళాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయి వారం కూడా కాలేదు. ఒక పిల్లాడు మొహం మాడ్చుకుని, "మా అమ్మవారి అన్నయ్యని దొంగోడిలాగ రాశారేటండీ?" అన్నాడు. వాడికి విజయరామరాజు చరిత్రలో రాజు కాదు, పైడితల్లమ్మ తోబుట్టువు. ఇంటి మనిషి. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ యుద్ధం రాసినా అవతలి పక్షంలో కూడా ఒక పిల్లనో పిల్లాణ్ణో పెట్టుకుంటున్నాను. న్యాయం చేద్దామని కాదు, ఆ కుర్రాడి మొహం గుర్తొచ్చి.

అసలు బొబ్బిలే ఎందుకు అని కూడా అడుగుతాను. మీ బడికి దగ్గర్లోనే పద్మనాభం ఉంది. 1794 జులై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడ చనిపోయాడు. కంపెనీ తరఫున నడిపించినది కల్నల్ ప్రెండర్‌గాస్ట్. రాజు కొడుకు నారాయణబాబు అప్పటికి ఇంకా చిన్నవాడు. వాణ్ణి కొండల వైపు తీసుకెళ్ళి కొండ జమీందార్లు ఆశ్రయమిచ్చారు, ఆ తర్వాతే కంపెనీతో రాజీ కుదిరింది. వానాకాలం, వెనక సిపాయిలు, ముందు కొండలు, మధ్యలో ఒక చిన్న పిల్లాడు. ఇంతకంటే సాహస కథ ఎవరైనా కల్పించగలరా? దీనికి సినిమా లేదు, బుర్రకథల హోరు లేదు. చోటంతా మీదే. ఒక్క జాగ్రత్త. కొండ మనుషులు కథలోకి వస్తారు కాబట్టి, వాళ్ళని ఈకలు కట్టుకుని ఈటెలు విసిరే గుంపులా రాయకండి. నా పుస్తకానికి బొమ్మలు వేసిన ఆర్టిస్టు సవర పిల్లల తలకి ఈకల కిరీటాలు పెట్టాడు. అచ్చయ్యాక చూసి తల పట్టుకున్నాను. సీతంపేట వైపు ఒక వారం సంతకి వెళ్ళి కూర్చుని ఉంటే ఆ బొమ్మ వచ్చేది కాదు. అప్పటి నుంచి బొమ్మల స్కెచ్చులు నాకు చూపించాకే ముందుకెళ్ళాలని ముందే చెబుతున్నాను. కోట అనగానే రాజస్థాన్ కోట గీసేస్తారు. ఆనాటి మన కోటలు చాలావరకు మట్టిగోడలు, చుట్టూ ముళ్ళ అడవి.

ఇంకా వెనక్కి వెళ్తే దంతపురి. బుద్ధుడి దంతాన్ని రాకుమారి హేమమాల కొప్పులో దాచుకుని, భర్త దంతకుమారుడితో మారువేషంలో బయటపడి, ఓడెక్కి సింహళం చేరిందని పాళీ కావ్యంలో ఉంది. 4వ శతాబ్దపు కథ. ఆ దంతపురం మన ఆమదాలవలస దగ్గరి దంతపురేనా అన్నదానికి పండితులు ఒక మాట మీద లేరు. మీకు దానితో పని లేదు, నవల ముందుమాటలో ఆ ఒక్క వాక్యం నిజాయితీగా రాసేయండి. నేను ఇది రాద్దామని పదేళ్ళుగా అనుకుంటున్నాను. కొప్పులో పెట్టుకుని అంత దూరం నడిస్తే తల ఎలా ఉంటుందో, ఎన్ని రోజులు తలంటుకోకూడదో అక్కడే ఆగిపోయాను. మీరు రాస్తే సంతోషం.

భాష దగ్గర కొంచెం సేపు ఆగాలి. మన పిల్లలు అక్కని అప్ప అంటారు. ఏమిటి అనరు, ఏటి అంటారు. కథనం మామూలు తెలుగులో ఉంచి, మాటలు మాత్రం మన యాసలో రాస్తాను నేను. ఒక ప్రచురణకర్త 'అన్ని జిల్లాల పిల్లలకీ అర్థం కావాలి' అని, నన్ను అడక్కుండా, కంప్యూటర్లో 'అప్ప' అన్న చోటల్లా 'అక్క' అని ఒక్క దెబ్బతో మార్పించారు. పుస్తకం చేతికొచ్చింది. మా అప్పన్న అక్కన్న అయిపోయాడు. 'అప్పుడు' అన్నదల్లా 'అక్కుడు'. 'అప్పటికే తెల్లారింది' అన్నది 'అక్కటికే తెల్లారింది'. పిల్లలు మూడు నెలలు నన్ను చూసి "అక్కుడేమైంది సారూ?" అని అడిగారు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది ముఖలింగం పక్కన పర్వతాలపేటలో. శాలిహుండం గుట్ట మీది బౌద్ధ శిథిలాల్ని 1919లో వెలుగులోకి తెచ్చినదీ ఆయనే. ఆ గుట్ట మీద జరిగే కథలో 'ఏటి' అనడానికి నేనెందుకు జంకాలి?

మరీ ఎక్కువ కూడా వద్దు. ప్రతి మాటా యాసలో రాస్తే మన పిల్లలే తడబడతారు, ఎందుకంటే వాళ్ళు యాస మాట్లాడతారు గానీ చదవడం అలవాటు లేదు.

ఇక ఒప్పందాల గురించి, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. నా ఒక పుస్తకం రెండో ముద్రణ వచ్చిందని నాకు విశాఖలో పుస్తకాల షాపులో చూస్తే తెలిసింది. డబ్బు సంగతి సరే, చెప్పను కూడా చెప్పలేదు. కాగితం ఏమీ లేదు, అంతా నోటిమాట. నోటిమాట మీద హక్కులు ఇవ్వకండి. రాతపూర్వకంగా ఇచ్చినప్పుడు ఎన్నేళ్ళకో రాయించండి. గడువు రాయకపోతే మన కాపీరైటు చట్టం ప్రకారం ఐదేళ్ళు అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఆడియో, అనువాదం, ఈ-బుక్ హక్కులు వేటికవి విడిగా రాయించుకోండి. ఇప్పుడు కథలు వినే పిల్లలు చదివేవాళ్ళ కంటే ఎక్కువ. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, మన దేశంలో అది ఉచితం. మొదటిసారి మూడు వందల కాపీలకి మించి వేయకండి. చెదల గురించి పైన చెప్పాను.

నిడివి పదిహేను, ఇరవై వేల మాటలు చాలు. అధ్యాయం మీ పీరియడ్‌లో ఇరవై నిమిషాల్లో చదవగలిగినంత ఉండాలి, బెల్లు కొట్టేసరికి కుర్రాడు ఏదో ఒక ఇరకాటంలో ఉండాలి. చందమామ సీరియల్ నేర్పిన విద్య అదే, దానికి మించినది నాకు తెలియదు. పాత సంచికలు, పాత పత్రికలు తిరగేయాలంటే మా ఊరు రండి. కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావు గారు, 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉంది, ఒక రోజు కూర్చుంటే ఆకలి తెలియదు. అవార్డుల గురించి ఇప్పుడే ఆలోచించకండి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్యానికి యాభై వేల రూపాయల పురస్కారం ఇస్తోంది, మంచిదే. కానీ అవార్డు కోసం రాసిన పిల్లల పుస్తకం మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అందులో పిల్లలు పెద్దవాళ్ళలా మాట్లాడతారు.

మీరు పద్మనాభమే ఎంచుకుంటే జులైలో వెళ్ళండి, ఎండాకాలంలో కాదు. తడిసిన నేల మీద కొండ వైపు ఎంత దూరం నడవగలరో చూడండి, వీలైతే మీ స్కూలు పిల్లాడు ఒకణ్ణి, వాళ్ళ ఇంట్లో అడిగి, వెంట తీసుకెళ్ళండి. వాడు ఎక్కడ కూర్చుండిపోతాడో అక్కడ మీ మొదటి అధ్యాయం ఆగుతుంది.

బొబ్బిలే రాస్తానంటే మాత్రం నాది ఒక చిన్న కోరిక. కోట పడిన మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి దూరి ఆయన్ని చంపారు కదా. ఆ రాత్రికి చంద్రుడు సగం నిండాడు, అర్ధరాత్రికి దిగిపోతాడు. నా పుస్తకంలో పాపారాయుడు రెండో జాములోనే, ఆ వెలుగులోనే డేరా వెనక గుడ్డ ఎత్తుతాడు. చంద్రుడు దిగేదాకా అక్కడే గడ్డిలో బోర్లా పడుకుని ఆగి ఉంటాడని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. దాన్ని మార్చడానికి నాకు ఇంకో ముద్రణ రాలేదు.